కోయ డోలి మేళం

డోలు, కంచుతాళాల మీద కోయల ఇలవేల్పుల కథలనూ, ఇంటిపేర్ల పుట్టుపూర్వోత్తరాలనూ పాడుతూ ఊరూరా తిరిగే చిన్న బృందం కోయ డోలి మేళం. పాడేవాళ్లూ కోయలే. వాళ్లను డోలి కోయలని, మామూలు మాటల్లో డోలీలని పిలుస్తారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పినపాక, మణుగూరు, కరకగూడెం, గుండాల మండలాలు, వాటికి పైన ములుగు జిల్లాలోని మంగపేట, ఏటూరునాగారం, తాడ్వాయి, గోదావరి అవతల దుమ్ముగూడెం, చర్ల ఈ పాటలకు ఊపిరిపోసిన అడవి పట్టు. పినపాక పక్క మండలమైన మణుగూరులోని కూనవరం గ్రామానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించాకే ఈ మేళం పేరు అడవి దాటి అందరి చెవినా పడింది. శబరి, గోదావరి కలిసేచోట ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న కూనవరం వేరు, ఇది వేరు. రెండూ ఒకటే అనుకునే అవకాశం ఉంది కనుక ఈ తేడా గుర్తుంచుకోవాలి.

మేళానికి యజమాని ఉండడు. గుడి మాన్యం మీదగానీ, సర్కారు జీతం మీదగానీ ఇది పుట్టలేదు. పిలుపు వచ్చిన ఊరికి డోలు భుజాన వేసుకుని వెళ్లడం, పాడవలసింది పాడడం, ఇచ్చింది పుచ్చుకుని ఇంకో ఊరికి సాగడం, వానలు పడితే ఇంటికొచ్చి సేద్యం చూసుకోవడం దీని బతుకు. ఇవాళ నగరాల్లో స్వతంత్ర బ్యాండ్లు అని చెప్పుకునే సంగీత బృందాల స్వేచ్ఛ ఇందులో ఉంది. వాటికి లేని కట్టుబాటు ఒకటి కూడా ఉంది. డోలి మేళం ఏ ఊరికి వెళ్లాలో, అక్కడ ఎవరి పాట ఎత్తుకోవాలో మేళం ఇష్టాన్ని బట్టి ఉండదు. కోయల చుట్టరికమే అది నిర్ణయిస్తుంది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

పేరు

డోలు వాయించేవాడు డోలి. ఏజెన్సీ కొండల్లో రోగులను, గర్భిణులను మోసుకెళ్లే కర్రకు కట్టిన ఊయలనూ డోలీ అంటారు. వార్తల్లో ఎక్కువగా కనిపించేది ఆ మాటే. రెండింటికీ సంబంధం లేదు. రాజ్యాంగం కింద ప్రకటించిన షెడ్యూల్డు తెగల జాబితాలో కోయ అనే పద్దు ఎదురుగా గుట్ట కోయ, కమ్మర కోయ, లింగధారి కోయ, రాచ కోయ వంటి శాఖలతోపాటు డోలి కోయ పేరు కూడా విడిగా ఉంది. అంటే పాట పాడడమే పనిగా ఉన్న ఒక సమూహాన్ని ప్రభుత్వ పత్రం కూడా ఒక శాఖగా గుర్తించిందన్నమాట. తెలంగాణలో 2011 జనగణన లెక్క ప్రకారం కోయల జనాభా సుమారు 4.86 లక్షలు. లంబాడీల తర్వాత రాష్ట్రంలో పెద్ద గిరిజన సమాజం ఇదే. తమను తాము వాళ్లు కోయితూర్ అని చెప్పుకుంటారు. వాళ్ల కోయ భాష గోండీకి దగ్గరి చుట్టం.

డోలు వాయించేవాళ్లందరూ డోలీలు కారు. కొమ్ముకోయ ఆటలో అడవిదున్న కొమ్ములు తలకు పెట్టుకుని, పెద్ద డోళ్లు మెడకు తగిలించుకుని ఎగిరే యువకులు వేరు. వాళ్ల ఆట కంటికి విందు, ఢిల్లీ దాకా వేదికలెక్కింది. భద్రాచలం వైపు ఏ పెద్ద అధికారి వచ్చినా స్వాగతం పలికేది కొమ్ముకోయ బృందమే. డోలి మేళంలో చూడడానికి అంత ఆర్భాటం లేదు. అక్కడ పని చెవిది. బయటివాళ్ల కెమెరాలు కొమ్ముల దగ్గరే ఆగిపోయి కథ చెప్పే గొంతు దాకా రాకపోవడానికి అదొక కారణం.

గట్టు

డోలి పాట అర్థం కావాలంటే ముందు గట్టు అనే మాట అర్థం కావాలి. కోయ ఇంటిపేర్లన్నీ గట్టులుగా విడిపోయి ఉంటాయి. కొందరు గొట్టు అని కూడా పలుకుతారు. వాటిని అంకెలతోనే పిలుస్తారు: మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఆరో గట్టు, ఏడో గట్టు. ఒకే గట్టువాళ్లు ఇంటిపేర్లు వేరైనా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. వేరే గట్టువాళ్లు బావలు, మరదళ్లు, మామలు, అత్తలు. కొత్త ఊరికి వెళ్లిన కోయ మనిషిని ముందు అడిగేది ఇంటిపేరు. ఆ ఒక్క మాటతో ఎదుటి మనిషిని అన్నా అనాలో బావా అనాలో తేలిపోతుంది.

ప్రతి గట్టుకూ వేల్పులున్నాయి, ఆ వేల్పులు పుట్టిన చోటు, నడిచిన దారి, దాటిన వాగు, ఆగిన గుట్ట ఉన్నాయి. అవన్నీ గుర్తుంచుకుని పాడవలసిన పని డోలిది. రాత లేని సమాజంలో ఇది కులపురాణం ఒక్కటే కాదు, పెళ్లి సంబంధాలకు ఆధారమైన దస్తావేజు కూడా. ఫలానా ఇంటిపేరు ఏ గట్టులోకి వస్తుందన్న తగువు వచ్చినప్పుడు పాటలో ఉన్నదే సాక్ష్యం. పదం మర్చిపోతే కళ ఒక్కటే పోదు, ఒక ఇంటి చుట్టరికమే తెగిపోతుంది. డోలి పాడుతుంటే పక్కన కూర్చున్న పెద్దలు తప్పు పట్టడానికి సిద్ధంగా ఉండేది అందుకే. మామూలు కచేరీలో శ్రోతకు రాగం నచ్చకపోతే లేచి వెళ్లిపోతాడు. ఇక్కడ శ్రోత తన తాతల పేర్లు సరిగ్గా వస్తున్నాయా లేదా అని వింటాడు.

సంచారపు పటం కూడా గట్టును బట్టే ఏర్పడింది. డోలి కుటుంబాలకు పాటల మీద హక్కు వారసత్వంగా వచ్చింది. ఆ కథలు ఎవరివో వాళ్లే ఆ కుటుంబాలను పిలుస్తారు. ఆ ఇంటిపేర్లవాళ్లు ఎక్కడెక్కడ పొలాలు చేసుకుని స్థిరపడితే అక్కడిదాకా మేళం దారి సాగుతుంది. దానికి జిల్లా హద్దులు తెలియవు. 2014లో పోలవరం ముంపు పేరుతో పాత ఖమ్మం జిల్లా నుంచి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. 2016 అక్టోబరు 11న ఖమ్మం విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. అవతల ఛత్తీస్‌గఢ్, ఒడిశా గడ్డ మీద కూడా కోయలున్నారు. ఇన్ని గీతలు గీశాక కూడా ఒక ఇంటిపేరు నాలుగు రాష్ట్రాల్లో ఒకే గట్టుగానే నిలిచి ఉంది.

వాద్యాలు

మేళానికి ప్రాణం డోలు. మెడకు తగిలించుకుని నిలబడి వాయించే రెండు ముఖాల తోలు వాద్యం. తోడుగా కంచుతాళాలు. ఆ కంచు మోత వల్లనే దీన్ని కంచుమేళం అని కూడా అంటారు. రామచంద్రయ్యకు పురస్కారం వచ్చినప్పుడు పత్రికలు ఎక్కువగా వాడిన మాట అదే. కొన్నిచోట్ల కొమ్ముబూర కూడా తోడవుతుంది. ఇంతే సరంజామా. ముగ్గురు నలుగురు మనుషులు కాలినడకన మోయగలిగినంత సామానుతోనే మేళం కుదిరింది. వాగులు దాటి, గుట్టల వెంట నడిచిపోయే బృందానికి అంతకు మించిన బరువు పనికిరాదు.

తోలు వాద్యానికి వాతావరణమే శత్రువు. ముసురు పట్టినా, తెల్లవారుజామున మంచు దిగినా మూత వదులై మోత మొద్దుబారుతుంది. మంట వేసి, దూరంగా పట్టుకుని కాచి, వేలితో తట్టి చూసి, గొంతు తిరిగి వచ్చాకే పాట ఎత్తుకోవాలి. ఇప్పుడు బ్యాండు మేళాలు వాడే ప్లాస్టిక్ మూతలకు ఈ బాధ లేదు, బోల్టు తిప్పితే బిగుస్తుంది. అయితే వాటి మోత టపటపమని తేలిపోతుంది. కింద నుంచి వచ్చే గుమ్మనే నాదం తోలుదే. ఆ నాదం ఎందుకు ముఖ్యమంటే, డోలు ఇక్కడ లయ కోసం మాత్రమే లేదు. చీకట్లో పక్క గూడెం దాకా వినిపించి, ఇక్కడ వేల్పు కొలుపు మొదలైందని చెప్పేది కూడా అదే.

పాట నడిచే తీరు

ప్రధాన గాయకుడు పదం ఎత్తుకుంటాడు, తోడున్నవాళ్లు అందుకుంటారు, మధ్యలో డోలు, తాళం జోరందుకుని మళ్లీ తగ్గి పదానికి చోటిస్తాయి. కథ కోయలో సాగుతుంది, తెలుగులోనూ సాగుతుంది. రామచంద్రయ్య ప్రత్యేకత ఆ రెండు భాషల్లోనూ కథ నడపగలగడం. పినపాక, మణుగూరు వైపు చాలా కోయ ఇళ్లలో ఇవాళ తెలుగే మాట్లాడతారు కనుక తెలుగు పాఠం లేకపోతే వినేవాళ్లకు కథ అందదు. కోయ పాఠం లేకపోతే పాత పేర్లు, ఊళ్ల గుర్తులు అందవు. రెండూ తెలిసిన గొంతు ఉన్నంతకాలం ఒకదాని లోటును రెండోది పూడుస్తుంది.

గరికామారాజు, పగిడిద్దరాజు, రామరాజు, గాదిరాజు, బాపనమ్మ, ముసలమ్మ, నాగులమ్మ, సడలమ్మ రామచంద్రయ్య పాడిన కథల్లోని పేర్లలో కొన్ని. వీళ్లంతా వేల్పులు, వీరులు. డోలి పాటలో ఆ రెండు మాటలకూ మధ్య గోడ లేదు. పోరాడి పడిపోయిన మనిషే వేల్పై కూర్చుంటాడు, ఆ వేల్పు మళ్లీ ఫలానా ఇంటి తాతే అవుతాడు.

మేళానికి పిలుపు వచ్చే సందర్భాలు మూడు. వేల్పుల పండుగ, పెళ్లి, చావు. పెళ్లిలో గట్టు చెప్పడానికి, చావులో పోయిన మనిషిని తాతల దగ్గరికి చేర్చడానికి, పండుగలో వేల్పును మేలుకొల్పడానికి పాట కావాలి. పంటలు ఇంటికొచ్చాక, ఇప్పపూలు రాలే కాలం నుంచి తునికాకు కోతల దాకా పెళ్లిళ్ల రోజులు. తొలకరి పడిందంటే వాగులు పొంగుతాయి, విత్తనాల పని మొదలవుతుంది, మేళం ఇంటికి చేరుతుంది. చావుకు మాత్రం కాలం లేదు. ఏ వానలో కబురొచ్చినా బయల్దేరవలసిందే.

పడిగె

డోలి పాటకు కంటికి కనిపించే జోడీ పడిగె. పొడుగైన ముక్కోణపు గుడ్డ జెండా అది. దాని మీద మనుషులు, జంతువులు, గుర్తులు వరసగా ఉంటాయి. తెలియనివాళ్లకు అది అలంకారం. తెలిసినవాళ్లకు ఒక గట్టు చరిత్ర మొత్తం. డోలి పడిగెను చూస్తూ ఆ బొమ్మల వరసలో కథ విప్పుతాడు. మామూలు రోజుల్లో పడిగె వేల్పుల ఇంట్లో భద్రంగా ఉంటుంది. పండుగనాడు బయటికి తీసి, నీళ్ల దగ్గరికి తీసుకెళ్లి శుద్ధి చేసి, వెదురుకు ఎత్తి ఊరేగిస్తారు. గోదావరి ఒడ్డు ఊళ్లలో వేల్పుల స్నానానికి డోళ్లతో కదిలే గుంపులు ఇప్పటికీ కనిపిస్తాయి.

పడిగె ఉంటే పాట భద్రమనుకోవడం పొరపాటు. బొమ్మ ఒక వేలిచూపు మాత్రమే. ఒక మనిషి, పక్కన ఒక పులి కనిపిస్తాయి. ఆ మనిషి పేరేమిటి, పులి ఎవరిని కాపాడింది, ఏ వాగు దగ్గర, తర్వాత ఎవరు పుట్టారు అన్నది గొంతులోంచే రావాలి. పాట తెలిసిన మనిషి పోయాక మిగిలిన పడిగె అక్షరాలు కనిపిస్తున్నా భాష తెలియని శాసనం లాంటిది. మ్యూజియాల కోసం పడిగెలను కొనడం కంటే వాటిని చదవగలిగిన మనిషి ఎదుట రికార్డరు పెట్టి కూర్చోవడం ఎక్కువ అవసరం. ఈ పనిని గట్టిగా పట్టుకున్న పండితుల్లో జయధీర్ తిరుమలరావు ముఖ్యులు. గిరిజన, జానపద వాద్యాలను, పడిగెలను వెతికి ఆయన చేసిన సేకరణ ఆద్యకళ పేరుతో ప్రదర్శనలుగా వచ్చింది. సమ్మక్క సారలమ్మల కోయ డోలీల కథను పుస్తకంగా తెచ్చిన కృషి కూడా ఆయనదే.

మేడారం

ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని మేడారంలో రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ నాలుగు రోజులు జరిగే సమ్మక్క సారలమ్మ జాతర గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనవసరం లేదు. 1996లో దాన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యంతో యుద్ధం, కరువులో కట్టలేని కప్పం, సంపెంగవాగులో సమ్మక్క కొడుకు జంపన్న ప్రాణత్యాగం, చిలకలగుట్ట వైపు వెళ్లి మాయమైన సమ్మక్క, అక్కడ దొరికిన కుంకుమ భరిణె ఇప్పుడు అందరి నోటా ఉన్న కథ. ఈ కథ పుస్తకాల్లో, సినిమాల్లో, క్యాసెట్లలో యుద్ధంతో మొదలై యుద్ధంతో ముగుస్తుంది.

డోలీల కథకు ఊపిరి యుద్ధంలో లేదు, చుట్టరికంలో ఉంది. సమ్మక్క చందా వంశపు ఆడపడుచు. ఆ వంశం ఐదో గట్టుది. ఆమె భర్త పగిడిద్దరాజు పెనక వంశంవాడు. ఇప్పటికీ ఆయన్ను మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం పూనుగొండ్ల నుంచి పడిగె రూపంలో పూజారులు అడవి దారిన నడిచి మేడారం తీసుకొస్తారు. అల్లుడు గోవిందరాజు కొండాయి నుంచి, కూతురు సారలమ్మ కన్నెపల్లి నుంచి, సమ్మక్క చిలకలగుట్ట నుంచి వస్తారు. అంటే జాతర అనేది ఒక ఇంట్లో పెళ్లివారు, పుట్టింటివారు, అల్లుడు నలుమూలల నుంచి చేరడం. లక్షలమంది భక్తులకు ఆమె వనదేవత. చందావాళ్లకు ఇంటి బిడ్డ, పెనకవాళ్లకు కోడలు. ఒకే తల్లి కథను ఒక ఊళ్లో బిడ్డను అత్తింటికి సాగనంపినట్టు, ఇంకో ఊళ్లో కోడలిని గడప దాటించి లోపలికి పిలిచినట్టు వింటారు. వినేవాడి గట్టు మారితే కథలో కన్నీళ్లు వచ్చే చోటు మారుతుంది. అచ్చు పుస్తకం ఈ పని చేయలేదు, ఎందుకంటే చదివేవాడి ఇంటిపేరు దానికి తెలియదు.

సకిని రామచంద్రయ్య

కూనవరంలో డోలి కుటుంబంలో పుట్టి, పెద్దల వెంట తిరుగుతూ పాట నేర్చినవారు రామచంద్రయ్య. చదువు బడిలో కాదు, మేళంలో. చిన్న సేద్యం, మేళం, ఈ రెండిటి మీదే బతికారు. పద్మ పురస్కారాలు ప్రకటించిన 2022 జనవరి 25 నాటికి ఆయన పేరు మణుగూరు బయట తెలిసినవాళ్లు తక్కువ. అదే ఏడాది తెలంగాణ నుంచి మెట్ల కిన్నెర మీద కథలు పాడే దర్శనం మొగిలయ్యకు కూడా పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు ఏడాది ఆదిలాబాద్ గుస్సాడీ నృత్య గురువు కనకరాజుకు వచ్చింది. వరసగా ఇలా వచ్చిన గుర్తింపు తెలంగాణ పల్లె, అడవి సంగీతానికి చాలా ఆలస్యంగా జరిగిన న్యాయం. రామచంద్రయ్యకు కోటి రూపాయలు, జిల్లాలో ఇంటి స్థలం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. 2024 జూన్ 23న ఆయన కన్నుమూశారు. అదే ఏడాది అక్టోబరులో కనకరాజు కూడా పోయారు.

పురస్కారం తర్వాత రెండేళ్ల పైచిలుకు మాత్రమే ఆయన బతికారు. ఆ కొద్దికాలం గురించి ఇక్కడ ఒక మాట చెప్పడం అవసరం. ఆయన్ను సన్మానించడానికి పిలిచిన వేదికల మీద శాలువా కప్పి, నాలుగు నిమిషాలు డోలు వాయించమంటే ఈ కళ మనకు అందినట్టు కాదు. రాత్రంతా సాగే పాటను నాలుగు నిమిషాలకు కోస్తే మిగిలేది మోత ఒక్కటే. వంశావళి పాటకు మొదలు ఉంది, చివర ఉంది. మధ్యలో కోయడానికి లేదు, ఎందుకంటే తాత పేరు వదిలేసి మనవడి పేరు చెప్పలేం.

చుట్టుపక్కల గొంతులు

కథ చెప్పే వాద్యబృందం ఉన్నది కోయలకు ఒక్కరికే కాదు. ఆదిలాబాద్ గోండులకు పర్ధాన్లు ఉన్నారు, తోటీలు ఉన్నారు. కిక్రి అనే మూడు తంతుల వాద్యం మీద పర్ధాన్లు గోండు వీరగాథలు పాడతారు. 1940ల్లో మార్లవాయి కేంద్రంగా పనిచేసిన మానవ శాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ వాళ్ల గురించి వివరంగా రాశారు. కోయల గురించి అంతకు ముందే దుమ్ముగూడెంలో ఉన్న క్రైస్తవ మిషనరీ జాన్ కెయిన్ 1870ల్లో ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో రాశారు. ఆ రాతలను థర్‌స్టన్ 1909లో వచ్చిన ఏడు సంపుటాల గ్రంథంలో వాడుకున్నారు. గోండు పర్ధాన్ల పాటలకు దక్కినంత పరిశోధన కోయ డోలీలకు దక్కలేదు. నిజాం రాజ్యంలోని ఆదిలాబాద్‌కు హైమెండార్ఫ్ వచ్చి కూర్చున్నట్టు మణుగూరు వైపు ఎవరూ అన్నేళ్లు కూర్చోలేదు.

ఇదే అడవి దారుల్లో ఇంకో రకం సంచార బృందాలు కూడా నడిచాయి. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి, 1972లో వచ్చిన జననాట్యమండలి పాత జానపద వరసలను తీసుకుని కొత్త మాటలు కట్టి ఊళ్లు తిరిగాయి. డప్పు, డోలు, గజ్జె అన్నీ పాతవే, చెప్పేది మాత్రం అప్పటి సంగతి. డోలి మేళం చేసింది దీనికి తలకిందులు. మాట పాతది, వినేవాడు మాత్రం ఆ పూట పెళ్లి కొడుకు.

రాక్ అండ్ రోల్‌తో పక్కపక్కన పెడితే

పాత పాటను మోసుకుని తిరిగే స్వతంత్ర బృందం అంటే ప్రపంచంలో ఎక్కువమందికి గుర్తొచ్చేది రాక్ అండ్ రోల్. ఆ సంగీతం పుట్టుకే పాతను తిరిగి పలకడం. 1954 జులైలో అమెరికాలోని మెంఫిస్ నగరంలో సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డుగా పాడిన పాట అంతకు ఎనిమిదేళ్ల ముందు ఆర్థర్ క్రడప్ అనే నల్లజాతి గాయకుడు రికార్డు చేసినదే. 1955లో చక్ బెర్రీ మేబెలీన్ పాటకు మూలం ఐడా రెడ్ అనే పాత ఫిడేలు పాట. తర్వాత 1980లో స్ట్రే క్యాట్స్ అనే ముగ్గురు కుర్రాళ్ల బృందం న్యూయార్క్ పక్క నుంచి లండన్ వెళ్లి, అప్పటికి పాతబడిన 1950ల శైలినే జనం ముందు పెట్టి పేరు తెచ్చుకుంది. ఇప్పటికీ ఆ తరహా బృందాలు వాల్వు యాంప్లిఫయర్లు, పాత గిటార్లు వెతుక్కుని వ్యాన్‌లో ఊళ్లు తిరుగుతాయి. వాల్వు వేడెక్కితేగానీ ఆ యాంప్లిఫయరు పలకదు. మంట దగ్గర డోలు కాచుకునే డోలి మనిషికి ఆ ఓపిక పరాయిదిగా తోచదు.

హైదరాబాద్‌లోనూ ఇలాంటి తోవ తొక్కినవాళ్లున్నారు. చౌరస్తా బ్యాండు తెలుగు జానపదపు వరసను గిటార్ల, డ్రమ్ముల మధ్య నిలబెట్టి సినిమాతో నిమిత్తం లేకుండా వినేవాళ్లను సంపాదించుకుంది. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల తర్వాత 2021లో జాతిరత్నాలు సినిమాలోని చిట్టి పాటతో ఇంటింటికీ తెలిసిపోయారు. సినిమా పాట రాజ్యమేలే తెలుగునేల మీద సొంత పాట కట్టి, సొంతంగా తిరగడం తేలిక పని కాదు. వాళ్ల కష్టానికి గౌరవం ఇవ్వాలి.

పోలిక ఇక్కడిదాకే. రాక్ బృందం పాతను ఎంచుకుంటుంది. రికార్డు దొరికితే విని, నచ్చితే తీసుకుని, విసుగొస్తే వదిలేస్తుంది. డోలికి పాత అనేది ఎంపిక కాదు. తాత పాడిన ఇళ్లకే మనవడు పాడాలి. ఇంకో సంగతిలో మాత్రం రెండు కథలూ బాధాకరంగా కలుస్తాయి. క్రడప్ పాట ప్రపంచమంతా మోగింది, ఆయనకు రావలసిన రాయల్టీ మాత్రం సరిగా అందకుండానే 1974లో కన్నుమూశాడు. మేడారం కథ మీద ఎన్ని పాటలు, ఎన్ని వీడియోలు వచ్చాయో లెక్క లేదు. ఆ కథను తరాలుగా నోట పట్టుకుని కాపాడిన డోలి ఇళ్లకు అందులో ఏమి చేరింది అని అడిగే హక్కు కోయలకు ఉంది. కథ ఒక గట్టు ఆస్తి అయినప్పుడు దాన్ని వాడుకునేవాళ్లు ఆ గట్టు పేరైనా చెప్పాలి.

ఇప్పటి పరిస్థితి

పినపాక, మణుగూరు ఇప్పుడు పూర్తి అడవి పల్లెలు కావు. సింగరేణి ఓపెన్‌కాస్టు గనులు, రైలు మార్గం, పక్కనే అశ్వాపురం భారజల కర్మాగారం, పినపాక, మణుగూరు మండలాల మధ్య 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చాయి. గనుల్లో, కాంట్రాక్టు పనుల్లో కూలి దొరుకుతుంది. పెళ్లికి డీజే బాక్సులు వచ్చి నిలబడతాయి. డీజే మోతలో డోలు వినపడకపోవడం పైకి కనిపించే కష్టం. లోతైన కష్టం ఇంకొకటి ఉంది. పెళ్లిలో గట్టు చెప్పించుకోవాలన్న పట్టింపు సడలితే డోలికి పిలుపే రాదు. పాటకు ఆధారం సంగీత రుచి కాదు, చుట్టరికపు నియమం. ఆ నియమం బలంగా ఉన్న ఇళ్లలో మేళం ఇంకా అడుగుపెడుతుంది. అది సడలిన ఇళ్లలో ఎంత మంచి గాయకుడికైనా పని ఉండదు.

అందువల్ల ఈ కళను కాపాడే మార్గం వేదికల మీద వెతికితే దొరకదు. ప్రభుత్వం 550 మంది కళాకారులకు తెలంగాణ సాంస్కృతిక సారథిలో ఉద్యోగాలిచ్చింది. ఆ కళాకారుల పని పథకాలను జనానికి చెప్పడం. రాత్రంతా ఒక ఇంటి వంశావళి పాడే మనిషిని ఆ చట్రంలో ఇమడ్చలేం. గట్టుల పెద్దలు, వేల్పుల పూజలు చూసే తలపతులు, వడ్డెలు కూర్చుని వేల్పుల పండుగలను ఆపకుండా జరిపిన ఊళ్లలో కుర్రాళ్లకు పాట వినే అవకాశమైనా మిగులుతోంది. ఆశ్రమ పాఠశాలలో హాస్టల్లో ఉండి చదివే పిల్లవాడికి అది కూడా ఉండదు. పండుగ రోజులకు సెలవు ఇస్తే తాత పక్కన కూర్చోగలుగుతాడు. ఇది ఖర్చులేని పని.

2026 జనవరి చివర జరిగిన జాతరకు ముందు మేడారంలో వనదేవతల గద్దెల ప్రాంగణాన్ని రాతితో కొత్తగా కట్టారు. ఆ రాళ్ల మీద కోయ గుర్తులను, వేల్పుల కథల బొమ్మలను చెక్కారు. భక్తులు వాటిని తాకి, పసుపు రాసి, ఫొటో తీసుకుని వెళ్తున్నారు. ఆ బొమ్మల వరసను చూసి ఇది మా మూడో గట్టు, ఇక్కడ మా తాత వాగు దాటాడు అని పేరు పేరునా చెప్పగలిగే డోలి కుటుంబాలు మణుగూరు, పినపాక, గుండాల వైపు ఇంకా ఉన్నాయి. వేసవి పెళ్లిళ్లకు వాళ్ల డోలు ఇప్పటికీ మంట దగ్గర కాగుతోంది.